జై కొట్టిన వేలిముద్రల మిషను

ఆ రోజుల్లో ఇంటి నుంచి బయలుదేరడం వరకే మన చేతిలో ఉండేది, చేరడం తెలంగాణ ఉద్యమం చేతిలో ఉండేది. ఎక్కడ బంద్, ఎక్కడ రాస్తారోకో అని కనుక్కున్నాకే జనగామలో మా నాయిన తన కిరాణా దుకాణం షట్టరు ఎత్తేవారు. నేను అప్పుడే ఇంజినీరింగ్ ముగించి హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేరాను. (ఇప్పుడు సభల్లో శాలువా కప్పి ఆ పనిని ‘ఫిన్‌టెక్’ అంటున్నారు. అప్పట్లో మా నాయిన మాత్రం ‘మా బిడ్డ మిషన్లు అమ్ముతది’ అని చెప్పేవారు.) మా మిషను మీద బొటనవేలు పెడితే ఊళ్లోనే పింఛను చేతికొస్తుంది. చదువురాని వాళ్ల కోసం అది మాట్లాడుతుంది కూడా. నేనే కనిపెట్టినంత గర్వంగా దాన్ని సంచిలో మోసుకు తిరిగేదాన్ని.

ఒకరోజు కురవి అనే ఊరికి వెళ్లి జనానికి మిషను చూపించి రమ్మన్నారు. మరునాడు బ్యాంకు పెద్దలు మా ఆఫీసుకు వస్తున్నారు. జనం వాడరని తేలితే కంపెనీ మూతే. మానుకోట (మహబూబాబాద్‌ను మా వైపు అలాగే అంటారు) దాటాక ఆటో ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, వాటి మీద గుండిగలు. నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు! అందరూ లీడరక్క అని పిలుస్తున్న ఒకామె నా సంచి పట్టుకుంది.

“ఏందమ్మా గది?”

“మాట్లాడే మిషనక్కా, పింఛన్లిస్తది.”

“మాట్లాడతదా? ఏదీ, మాట్లాడనియ్!”

మీట నొక్కాను. “దయచేసి తమ బొటనవ్రేలిని గాజుపలకపై ఉంచవలసిందిగా కోరుచున్నాము,” అంది మిషను, రేడియో వార్తల గొంతుతో. రోడ్డంతా గొల్లుమంది. ఇంతలో “గిది ఆంధ్ర మిషిని!” అని ఎవరో అరిచారు. నవ్వులు ఆగిపోయాయి. లీడరక్క మిషన్ను లాక్కుని గుండిగ పక్కన పెట్టింది. ఉడికే అన్నంతోపాటు నా ఉద్యోగం కూడా ఆవిరవడం కళ్లారా చూశాను.

అప్పుడు తండా నుంచి వచ్చిన ఒక అవ్వ దాని ముందు కూర్చుంది. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు మాట్లాడే మనిషి. “జర మళ్ల అనిపియ్యి బిడ్డా,” అంది. అనిపించాను. “నన్నేనా గట్ల పిలుస్తున్నది? కోర్టుల పిలిచినట్టే ఉన్నది. ఏలు పెడితె పట్కపోతరేమో!”

నాకు కోపం రాలేదు, వింతగా అనిపించింది. ఆ మాటలు రాసినప్పుడు వినేదెవరో మేమెవరమూ ఆలోచించలేదు. “మరి ఎట్ల పిలిస్తె పెడ్తవవ్వా?” అని అడిగాను.

లీడరక్క ఆగలేకపోయింది. “అవ్వా, జర ఏలు పెట్టు, భయపడకు. గిట్లనాలె!”

మిషను మాటలన్నీ ఒక చిన్న కార్డులో ఉండేవి. అక్క గొంతును ఫోనులో రికార్డు చేసి, పొయ్యి పొగకు దగ్గుకుంటూ, ల్యాప్‌టాప్‌తో అక్కడే మార్చేశాను. ఈసారి మిషను అడగగానే అవ్వ “ఆఁ, పెట్టిన” అని జవాబు చెప్పి మరీ వేలు పెట్టింది. ఉత్త పరీక్షే, పైసలు రావని చెప్పినా మిగతావాళ్లు వరస కట్టారు. నేను కురవి పోనేలేదు. రోడ్డు మీదే అన్నం తిని తిరిగొచ్చాను.

మరునాడు ఆఫీసులో బ్యాంకు పెద్దాయన వేలు చాపాడు.

“అవ్వా, జర ఏలు పెట్టు, భయపడకు!” అంది మిషను. వెనువెంటనే రోడ్డంతా ఒక్క గొంతై “జై తెలంగాణ!” (పొయ్యిల దగ్గరి నినాదం కూడా రికార్డయిందని నేను చూసుకోలేదు.)

ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది. మా కంపెనీ నడిపే సారుది ఆంధ్రలోని గోదావరి జిల్లా. గబుక్కున నా వైపు తిరిగారు. “ఏంటమ్మాయ్ ఇది? మిషను చేత కూడా జై కొట్టించేశావా?”

భయంలో నేను ఆఫీసు భాష మరిచిపోయాను. “అందరు పెట్టిన్రు సార్! ఒద్దన్నా వరస కట్టిన్రు!”

బ్యాంకు పెద్దాయన “నన్ను అవ్వా అందని మా ఆవిడకు చెప్పకండి,” అంటూ వేలు పెట్టాడు. సారు ఊపిరి పీల్చుకున్నారు. “ఆ గొంతు ఉండనివ్వమ్మా. వెనకాల జై మాత్రం తీసెయ్యి.”

అలా కంపెనీ బతికింది. ఆ తర్వాత మొగుళ్లపల్లి పోయినా, నర్మెట్ట పోయినా ముందు ఆ ఊరి ఆడవాళ్ల గొంతు పట్టుకున్నాకే మిషను బయటికి తీసేదాన్ని. ఆ ధైర్యంతోనే తర్వాత సొంత కంపెనీ పెట్టాను.

మొన్న మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఒక గొంతు వినిపించింది. యాస ఎక్కడా తప్పలేదు. “ఎవరిదమ్మా ఇది?” అన్నాను.

“ఎవ్వరిదీ కాదు మేడం, కంప్యూటర్ తయారు చేసింది,” అంది, తానే కనిపెట్టినంత గర్వంగా.

ఏ ఊళ్లో వినిపించావని గద్దించబోయాను. నేను ఏసీ గది దాటి ఎన్నాళ్లయిందో గుర్తొచ్చి, నోరు మూసుకుని నవ్వుకున్నాను.