పిన్ని బ్యాగులో రైఫిల్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక రైఫిల్ ఉండేది. ఈ మాట చెప్తే మా మనవలు నమ్మరు. ఆదివారం ఆరాధనలో ముందు వరసలో కూర్చుని పాటలు పాడే అమ్మమ్మకీ తుపాకీకీ ఏం సంబంధమని నవ్వుతారు. అది నాది కాదు, మా పిన్నిది. ఇంట్లో అది ఉన్న సంగతి మా నలుగురికే తెలుసు: అమ్మకి, నాన్నకి, పిన్నికి, నాకు. మొదటి ముగ్గురితో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా నాతోనే. నా నోట్లో నువ్వుగింజ నానదు. నన్ను ఎవరికి పరిచయం చేసినా అమ్మ ముందుగా చెప్పే మాట అదే.

అప్పుడు మేం సన్నీవేల్‌లో ఉండేవాళ్ళం. డెబ్భైల చివరి రోజులు. నాన్న ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరు. మా అపార్ట్‌మెంట్ వెనక గోడ దాటితే చెర్రీ తోట, ఆ తోట దాటితే మళ్ళీ ఏదో కంపెనీ పునాదులు. తెలుగు కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఆదివారం మధ్యాహ్నం, తెల్లవాళ్ళ ఆరాధన అయిపోయాక, వాళ్ళ చర్చి హాలు మాకు రెండు గంటలు ఇచ్చేవాళ్ళు. గుంటూరు వైపు వాళ్ళం, గోదావరి వైపు వాళ్ళం అందరం అక్కడే చేరేవాళ్ళం. ఒకరింట్లో పప్పు మాడితే రెండో ఇంటికి ఆదివారంలోగా తెలిసిపోయే సంఘం అది.

పిన్ని అమ్మకి చెల్లెలు. కాకినాడలో నర్సింగ్ చదివి మా దగ్గరికి వచ్చింది. ఇక్కడి లైసెన్సు పరీక్ష ఒకసారి తప్పింది. రెండోసారి రాయడానికి చదువుకుంటూ, ముసలివాళ్ళ ఆశ్రమంలో ఆయాలాంటి పని చేసేది. పరీక్ష తప్పిన దగ్గర్నుంచి మనిషి ముడుచుకుపోయింది. ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేది. కాలేజీలో ఉన్నప్పుడు క్యాడెట్ శిక్షణలో రైఫిల్ పట్టి మొదటి బహుమతి తెచ్చుకుందని అమ్మ చెప్పేది గాని, నేను నమ్మేదాన్ని కాదు. ఆశ్రమంలో తనతో పనిచేసే ఒక నర్సమ్మ ఒక శనివారం పిన్నిని కొండల దగ్గర, గురిచూసి తుపాకీ కాల్చుకునే షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన పిన్ని వేరే మనిషి. వంటింట్లో నిలబడి అమ్మకి చేతులు ఊపుతూ కబుర్లు చెప్పింది. రెండు నెలలు తిరక్కుండా పాత రైఫిల్ ఒకటి కొని ఇంటికి తెచ్చింది.

మూడో రోజు భోజనాల దగ్గర నాన్న కంచంలోకి చూస్తూ చెప్పారు. "ఇంట్లో ఒక్క బుల్లెట్ ఉండటానికి వీల్లేదు. మన సంఘంలో ఒక్కరికి తెలియడానికి వీల్లేదు. తెలిసిన రోజున అది ఈ గడప దాటాల్సిందే." నాన్న చెడ్డవారు కారు. పిన్నికి సంబంధాలు చూస్తున్న రోజులు అవి. తుపాకీ పట్టే పిల్లని ఎవరు చేసుకుంటారన్నది ఆయన భయం. హాలు ఇచ్చిన తెల్లవాళ్ళు ఏమనుకుంటారో అన్నది ఇంకో భయం. పిన్ని తలూపింది. అమ్మ మాత్రం తలతిప్పి నావైపు చూసింది.

శనివారం పొద్దున పిన్ని బ్యాగు సర్దుకోవడం చూడాల్సిందే. నా చదువు మీద గాని ఆట మీద గాని అంత శ్రద్ధ నేను ఎన్నడూ పెట్టలేదు. ముందు బోల్టు తీసేది. గుండును గొట్టంలోకి తోసి పేల్చే ఇనుప ముక్క అది. అది లేకపోతే రైఫిల్ ఉత్త ఇనుమూ కర్రా. ఆ బోల్టు గుడ్డలో చుట్టి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునేది. తర్వాత గొట్టంలోంచి కిటికీవైపు చూసి, నన్నూ చూడమనేది. చూశానంటే ఒప్పుకునేది కాదు. "చూశానని కాదే, ఏం కనపడిందో చెప్పు" అనేది. గుండ్రంగా కిటికీ వెలుతురు కనపడిందని చెప్తే అప్పుడు సరే. కింద మర విప్పితే రైఫిల్ రెండు ముక్కలయ్యేది. రెండింటినీ పాత నేత చీరలో విడివిడిగా చుట్టి, కొండలెక్కేవాళ్ళు వీపున వేసుకునే నీలం బ్యాగులో నిలువుగా దించి, పైన చాప చుట్ట కట్టేది. బుల్లెట్లు అక్కడ రేంజ్‌లోనే కొనుక్కుని, మిగిలినవి అక్కడే ఇచ్చేసి వచ్చేది. బస్సులో పదిమంది బెదిరిపోకుండా, సంఘంలో పదిమంది చెవులు కొరుక్కోకుండా వెళ్ళి రావాలి, అంతే. బ్యాగు వీపు మీదైనా ఉండాలి, కాళ్ళ మధ్యైనా ఉండాలి. ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. నన్ను మోయనిమ్మని ఎన్నిసార్లు బతిమాలినా ఇవ్వలేదు.

ఒక శనివారం అమ్మా నాన్నా ఎవరికో ఇల్లు మారడంలో సాయం చేయడానికి పొద్దున్నే వెళ్ళిపోయారు. నన్ను ఒంటరిగా వదలలేక పిన్ని తనతో తీసుకెళ్ళింది. బస్టాపులో నాకు కాలు ఒకచోట నిలవలేదు. కాలుగాలిన పిల్లిలా బెంచీ చుట్టూ తిరుగుతూ, వచ్చేపోయే ప్రతి మనిషినీ అనుమానంగా చూశాను. బ్యాగులో ఏముందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని పిన్నిని అడిగాను. కొండకి వెళ్తున్నామనుకుంటారు, అనుకోనీ, మనం ఏమీ చెప్పక్కర్లేదు అంది. అయినా అడిగితే అన్నాను. నువ్వు నోరు మూసుకో, నేను చూసుకుంటా అంది.

బస్సు రాలేదు. వచ్చింది స్టేషన్ వేగన్ కారు ఒకటి. మా ముందు ఆగింది. లోపల మా సంఘ పెద్ద. ఆదివారం కుర్చీలు వేయించేదీ, పాటల పుస్తకాలు పంచేదీ ఆయనే. పిన్నికి సంబంధాలు చూస్తున్నదీ ఆయనే. వెనక సీట్లో ఆయన నాలుగేళ్ళ కొడుకు మోకాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. ఆ రోజుల్లో పిల్లల్ని బెల్టుతో కట్టేయాలన్న పట్టింపు ఎవరికీ ఉండేది కాదు.

"వందనాలమ్మా. ఎక్కండి, డ్రాప్ చేస్తాను. నేనూ అటే వెళ్తున్నాను" అన్నారు.

పిన్ని రెండుసార్లు వద్దంది. ఆయన వినలేదు. దిగి వచ్చి తలుపు తీసి పట్టుకున్నారు. ఇంక కాదంటే అనుమానం. పిన్ని ఎక్కి, బ్యాగును రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని చేతులు చుట్టి కూర్చుంది. పిల్లాడు ఆమెకి ఒక పక్క, నేను ఇంకో పక్క. కొంగున నిప్పు కట్టుకుని కూర్చున్నట్టుంది నాకు. రెండు మైళ్ళు దాటాక ఆయన అద్దంలోంచి చూసి, అంత పెద్ద బ్యాగులో ఏముందమ్మా అని మామూలుగా అడిగారు. పిన్ని నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను.

"టెంట్ అంకుల్. మా పిన్ని క్యాంపింగ్ చేస్తుంది."

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల ఇంటి పరువు కాపాడిందని నాకు నేనే మురిసిపోయాను. పిన్ని ముఖంలోకి చూశాను. ఆవిడ నవ్వలేదు.

ఆయన మాత్రం నవ్వారు. "విన్నావా నాన్నా, ఆంటీ దగ్గర టెంట్ ఉందంట" అని కొడుక్కి చెప్పారు. వాడు ఒక్క దూకు దూకాడు. చాప చుట్ట పక్కకి తోసేసి, భుజం దాకా చెయ్యి బ్యాగులోకి దూర్చేశాడు. పిన్ని వాడి మణికట్టు పట్టుకుంది. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఇంకో చేత్తో చీర కొస పట్టి లాగుతున్నాడు. ముందు సీట్లోంచి ఆయన, "పర్లేదమ్మా, చూడనీ, వాడికి టెంట్లంటే పిచ్చి" అన్నారు. టెంటే అయితే ఎవరైనా అదే అంటారు కదా. పిల్లాడి చేతిని ఆ బ్యాగులోకి పంపింది నా మాటేనని నాకు అప్పుడు తెలిసింది.

పిన్ని గొంతు మామూలుగానే ఉంది. ఆశ్రమంలో ముసలివాళ్ళకి మందు పేరు చెప్పేటప్పుడు అలాగే ఉండేదనుకుంటా.

"అన్నయ్యగారూ, కారు ఆపండి. ఇందులో టెంట్ లేదు. నా రైఫిల్ ఉంది. గుళ్ళు లేవు, బోల్టు విడిగా నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. అయినా మీకు తెలియకుండా మీ అబ్బాయి పక్కన దీన్ని పెట్టకూడదు."

కారు పక్కకి ఆగింది. ఆయన దిగి, వెనక తలుపు తీసి, కొడుకుని ఎత్తుకుని భుజాన వేసుకున్నారు. మేం దిగాం. పిన్ని రోడ్డు పక్కన నిలబడి, ఎక్కేముందే చెప్పాల్సింది, తప్పు నాదే అన్నయ్యగారూ అంది. ఆయన తలూపి, కొడుకుని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయారు.

రేంజ్‌కి వెళ్ళలేదు. ఇంటివైపు రెండు మైళ్ళు నడిచాం. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఖాళీ తుపాకీయే కదా, ఏమీ అయ్యేది కాదు కదా, ఎందుకు చెప్పేశావు, ఇప్పుడు నాన్న దాన్ని ఉంచనివ్వరు కదా అని దారంతా సతాయించాను. పిన్ని నడక ఆపకుండానే అంది. "అది ఖాళీ అని మనకి తెలుసు. అక్కడ అది ఉందనే ఆయనకి తెలీదు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళకి భయపడి దాచామే మనం. పక్కన కూర్చున్న పసివాడి దగ్గర దాస్తామా?" నా అబద్ధం గురించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం దాకా నేను ఒక చోట కూర్చుంటే ఒట్టు. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. ఆయన ఎవరికీ చెప్పరేమో, నువ్వూ నాన్నకి చెప్పకు అని పిన్ని వెంటపడ్డాను. నాన్న వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చోగానే పిన్ని ఎదురుగా నిలబడి జరిగింది చెప్పింది. కారు ఎక్కడం తన తప్పంది, ఎక్కేముందు చెప్పకపోవడం తన తప్పంది. టెంట్ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నేను తలుపు వెనక్కి జరిగాను. పిన్ని ఆ మాట దాటేసింది. ఊరందరికీ అన్నీ చెప్పే నా నోరు ఆ పూట పెగలలేదు. నాన్న, అనుకున్న మాట అనుకున్నట్టే జరగాలి కదమ్మా అన్నారు. పిన్ని సరే బావగారూ అంది. మరుసటి వారం ఆ నర్సమ్మ వచ్చి రైఫిల్ తీసుకెళ్ళిపోయింది. పిన్ని నీలం బ్యాగు దులిపి అటక మీద పెట్టి, పుస్తకం తెరిచి చదువుకుంటూ కూర్చుంది. చాలాసేపు పేజీ తిప్పలేదు.

ఆదివారం వచ్చింది. సంఘ పెద్ద ఎప్పటిలాగే పుస్తకాలు పంచారు. ఎవరూ ఏమీ అడగలేదు. రెండో ఆదివారం కూడా అంతే. ఆయన ఎవరికీ చెప్పలేదు. పిన్ని నోరు మెదపకపోయి ఉంటే రైఫిల్ ఇంట్లోనే ఉండేది, అనవసరంగా పోగొట్టుకుంది అని నాలో నేనే తిట్టుకున్నాను. మూడో ఆదివారం ఆరాధన అయ్యాక కుర్చీలు మడత పెట్టే వేళ, ఆయన నిద్రపోతున్న కొడుకుని భుజాన వేసుకుని హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వచ్చారు. ఒళ్ళో పడుకోబెట్టుకోవడానికి హాల్లో పదిమంది ఆడవాళ్ళున్నారు, సొంత భార్య ఉంది. ఆయన సరాసరి పిన్ని దగ్గరికి వచ్చి, "కాస్త వీణ్ణి చూస్తావామ్మా" అని పిల్లాణ్ణి ఆమె ఒళ్ళో పెట్టి, కుర్చీలు మడత పెట్టడానికి వెళ్ళిపోయారు. పిన్ని తల వంచుకుంది. వాడి జుట్టు మీద కన్నీళ్ళు పడ్డాయి. నాన్న చూశారు. అందరూ చూశారు గాని, ఆ కన్నీళ్ళు ఎందుకో మా ఇంటివాళ్ళకే తెలుసు.

తిరుగు దారిలో కార్లో నేను ఇంక ఆగలేకపోయాను. టెంట్ ఉందని అబద్ధం చెప్పింది నేనే నాన్నా, అందుకే వాడు చెయ్యి పెట్టాడు అన్నాను. నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఇప్పటికైనా చెప్పావు అన్నారు. పక్కన కూర్చున్న పిన్ని నా మోకాలి మీద చెయ్యి వేసింది.

పిన్ని ఆ ఏడే పరీక్ష పాసయింది. తర్వాత తన ఇల్లు, తన సంసారం, తనకి నచ్చిన రైఫిల్ అన్నీ వచ్చాయి. నా పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు వాళ్ళని తీసుకుని వెళ్తే, గుమ్మంలోనే ఆపి, బాగున్నారా అని అడగకముందే, ఇంట్లో రైఫిల్ ఉంది, బీరువాలో తాళం వేసి ఉంది, బోల్టు ఇంకో చోట ఉంది, ఇప్పుడు లోపలికి రండి అనేది. మా ఆయన మొదటిసారి బిత్తరపోయారు. నేను మాత్రం అది వినకుండా ఏ రోజూ గడప దాటలేదు.

నా నోరు ఇప్పటికీ ఊరుకోదు. అయితే ఇంట్లోవాళ్ళ కోసం, పరువు కోసం, ఒక్క చిన్న అబద్ధం చెప్తే పోలా అనిపించినప్పుడల్లా, ఆ సంచిలో భుజం దాకా దూరిన నాలుగేళ్ళ పిల్లాడి చెయ్యి కనపడుతుంది. ఇవాళ ఎవరైనా పసిపిల్లల్ని తీసుకుని మా ఇంటికి వస్తే, గుమ్మంలోనే చెప్తాను: పెరటి తలుపు గడియ సరిగ్గా పడదు, మా ఆయన గుండె మాత్రలు టేబుల్ మీద ఉన్నాయి, కుక్క కొత్తవాళ్ళని కరుస్తుంది. ఈవిడకి దాపరికం తెలీదని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. అన్నీ విని, పిల్లాడి చెయ్యి గట్టిగా పట్టుకుని, అప్పుడు లోపలికి వస్తారు.