మంచుకుప్పలో జోజప్ప

లోరెట్టా గ్రబోవ్‌స్కీ ఇల్లు అమ్మకానికి పెట్టిందన్న సంగతి పొద్దున బయటపడితే, మధ్యాహ్నానికల్లా మేపుల్ వీధి వీధంతా ఆవిడ వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతోంది.

డిసెంబరులో ఇల్లెవరైనా అమ్ముతారా అన్నది అందరి మాట. అమెరికా ఉత్తరపు కొసన సుపీరియర్ సరస్సు ఒడ్డున గడ్డకట్టి, గుమ్మాల ముందు మంచు నడుము దాకా పేరుకునే రోజుల్లో మా ఊళ్ళో జనం కొనేది బూట్లూ, మెట్లమీద చల్లే ఉప్పూను. ఇళ్ళు కాదు. బ్రోకరూ అదే అన్నాడు.

"ఏప్రిల్ దాకా ఆగండి. పూలు పూస్తాయి, ఇల్లు కళకళలాడుతుంది."

"నేను అమ్మేది ఇల్లు నాయనా, పూలు కాదు" అంది లోరెట్టా.

ఆగడానికి వీల్లేదు మరి. చెల్లెలు వాండా ఉండే వాటాల వరసలో సరిగ్గా ఆమె పక్క వాటా ఖాళీ అయింది. ఒక్క మెట్టు కూడా లేని ఇల్లు. ఈస్టరు దాకా ఎవరికీ ఇవ్వను, ఆ తర్వాత నా చేతిలో లేదు అన్నాడు దాని యజమాని. లోరెట్టాది బడి వంటశాలలో ఏళ్ళ తరబడి గుండిగలు ఎత్తి దించిన ఒళ్ళు. స్నానాలగదేమో మేడమీద, బట్టల మిషనేమో నేలమాళిగలో. ఎడమ మోకాలు మెట్టు మెట్టుకీ మొర పెట్టుకుంటోంది. అదొక్కటే కాదు. అక్కచెల్లెళ్ళిద్దరూ పెళ్ళిళ్ళయిన దగ్గర్నుంచీ ఫోనులోనే పోట్లాడుకుంటున్నారు. గోడకి చెరోపక్కా కూర్చుని తీరిగ్గా పోట్లాడుకోవాలని ఇద్దరికీ మహా కోరిక.

ఇల్లు అమ్ముడుపోవాలంటే మా కేథలిక్కులకి ఒక పద్ధతుంది. ఏసుని పెంచిన తండ్రి పునీత జోజప్ప బొమ్మని ఇంటిముందు తలకిందులుగా పాతాలి. మొహం ఇంటివైపు ఉండాలి. వడ్రంగం చేసిన మనిషి కాబట్టి ఇళ్ళ సంగతి ఆయనకి తెలుసు. తలకిందులుగా ఉండలేక తొందరగా బేరం కుదురుస్తాడు. కుదిరాక బయటికి తీసి, కడిగి, కొత్తింట్లో మంచిచోట నిలబెట్టాలి. లోరెట్టా వాళ్ళమ్మా అలాగే అమ్మింది, అమ్మమ్మా అలాగే అమ్మింది. కాకపోతే వాళ్ళిద్దరూ ఎండాకాలంలో అమ్మారు.

లోరెట్టా గడ్డపార వేస్తే నేల ఖంగుమంది. కెటిల్‌తో మరిగే నీళ్ళు తెచ్చి పోసింది. నేల కరగలేదు సరికదా, పోసిన నీళ్ళే అద్దంలా గడ్డకట్టాయి. ఉత్తరాలాయన దానిమీద కాలుపెట్టి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గేటు దాకా జారుకుంటూ పోయాడు.

ఎదురింటి ఐనో పారమీద గడ్డం ఆనించి ఇదంతా చూస్తున్నాడు. ఫిన్లాండ్ నుంచి వచ్చినవాళ్ళ మనవడు, మా గుడి కాక లూథరన్ల గుడికి వెళ్ళేవాడు, భార్య పోయినవాడు, మాట పొదుపరి. ఆయన గుమ్మం ముందు మంచు రేకు నిలవదు, అంత శుభ్రంగా తోస్తాడు.

"ఏం చేస్తున్నావు లోరెట్టా?"

"జోజప్పని పాతుతున్నా."

"ఏం తప్పు చేశాడు?"

"నీకు తెలీదులే. మీ లూథరన్లకి పునీతులంటే గిట్టదు."

"గిట్టకపోవడమేం లేదు. తలకిందులు మాత్రం చెయ్యం."

చివరికి లోరెట్టా విసుగెత్తి, జోజప్పని అమ్మకం బోర్డు పక్కనే మంచుకుప్పలో తలకిందులుగా గుచ్చేసింది. మంచయినా నేలేగా, ఏప్రిల్ దాకా ఎక్కడికీ పోదు అనుకుంది.

ఆ వారంలోనే తెరిపి లేకుండా మంచు కురిసింది. మంచు తోసే బండి వచ్చి, లోరెట్టా ఇంటిముందున్న కుప్పని ఉన్నపళాన అవతలి పక్కకి నెట్టేసి పోయింది. బోర్డు ముక్కలై ఐనో వైపు తేలింది. జోజప్ప జాడే లేదు. లోరెట్టా చీపురుకర్రతో కుప్పలన్నీ పొడిచి చూసింది. కొత్త బోర్డు నాటాలంటే నేల మెత్తబడాలి అన్నాడు బ్రోకరు. ఊరికే ఉండకుండా, ఆదివారం ఆదివారం దాల్చినచెక్క వేసి తీపిరొట్టెలు కాల్చమని సలహా ఇచ్చాడు. ఇల్లంతా ఘుమఘుమలాడితే చూడటానికి వచ్చినవాళ్ళు పడిపోతారట.

లోరెట్టా కాల్చింది. వాసన వీధి దాటింది. ఐనో వచ్చాడు.

"కొనేవాళ్ళ కోసం కాల్చానయ్యా" అంది ఆవిడ.

"వాళ్ళు వచ్చేదాకా చల్లారిపోవూ?" అని ఆయన కూర్చున్నాడు.

ఇలా జనవరి గడిచింది. రొట్టెలు తినడానికి ఐనో తప్ప ఒక్క పురుగు ఆ గడప తొక్కలేదు. ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సుకాలం వచ్చింది. ఈస్టరు దగ్గరపడుతోంది. ఫోనులో వాండా గొంతు పోట్లాట మాని జాలిపడటం మొదలుపెట్టింది. లోరెట్టాకి అన్నిటికంటే అదే భయమేసింది.

మాంసం ముట్టని తపస్సుకాలపు శుక్రవారాల్లో గుడి కింది హాల్లో చేపల విందు పెడతారు. దానికి కేథలిక్కులూ వస్తారు, లూథరన్లూ వస్తారు. బంగాళాదుంపలు వడ్డించే పని లోరెట్టాదే. ఆవిడ గరిటె వంగాలంటే కొత్తవాళ్ళెవరైనా ముందు పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవాలి. ఒక శుక్రవారం వరసలో కెల్సీ అనే అమ్మాయి దొరికింది.

"ఎక్కడుంటున్నారమ్మా?"

"అద్దింట్లోనండీ. గోడల్లోంచి గాలి కొడుతుంది. ఏదైనా కొందామని తిరుగుతున్నాం. మేపుల్ వీధిలో ఒకటుందని బ్రోకరు కాగితంలో చూశాం. ఫోటోలో అన్నీ పూలేనండీ. తీరా వెళ్తే అంతా మంచే. ఏ ఇల్లో పోల్చుకోలేక, మంచు తోస్తున్న తాతగారిని అడిగాం."

"ఏమన్నాడు?"

"ఈ వీధిలో ఎవరూ ఇల్లు అమ్మడం లేదన్నారు."

గరిటె గాల్లో ఆగిపోయింది.

"ఆ తాతగారి టోపీ చెవులమీదికి ఉందా?"

"ఒక్క చెవిమీదికేనండీ."

"వాడే" అంది లోరెట్టా.

వాడు అదే హాల్లో, కిటికీ పక్క బల్ల దగ్గర, రెండో పళ్ళెంలో ఉన్నాడు. లోరెట్టా గరిటెతో సహా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఎంతమందికి చెప్పావు?"

"ఏమని?"

"ఐనో."

ఆయన ముల్లు ఏరుతూ ఆలోచించాడు. "నలుగురికేమో. ఒకాయన కారు అద్దం కూడా పూర్తిగా దించలేదు. ఆయన్ని లెక్కెయ్యకు."

"రొట్టెముక్క కోసం నా కొంప ముంచుతావా?"

"రొట్టె ఒక్కటే కాదు" అన్నాడు ఐనో పళ్ళెంలోకి చూస్తూ. "పొద్దున్నే తలుపు తెరిచి, టోపీ సరిగ్గా పెట్టుకోవయ్యా అని నామీద అరిచే మనిషి ఊళ్ళో ఇంకెవరున్నారు?"

హాలంతా నమలడం మానేసింది. ఐనో కోటు జేబులోంచి ఉన్ని చేతితొడుగు తీసి బల్లమీద పెట్టాడు. తొడుగులోంచి జోజప్ప తల బయటికి చూస్తోంది.

"బండి వెళ్ళిన మర్నాడే పారకి తగిలాడు. కిటికీలో నిలబెట్టా. శుక్రవారం శుక్రవారం నీకిచ్చేద్దామనే తెస్తున్నా. చేప తినేసరికి మనసు మారిపోతోంది."

"కిటికీలో ఎలా నిలబెట్టావు?"

"తల పైకే. పాపం అనిపించింది."

"అదీ సంగతి. తల పైకుంటే ఆయనకేం తొందర?" లోరెట్టా గరిటె ఎత్తింది. కొడుతుందనుకున్నారంతా. బంగాళాదుంపలు ఆయన పళ్ళెంలో దబ్బున పడ్డాయి. "రేపు పొద్దున నా గుమ్మం నువ్వే తోస్తావు. ఈ పిల్లకి ఇల్లు కూడా నువ్వే చూపిస్తావు."

మర్నాడు ఐనో ఆవిడ చెప్పినట్టే చేశాడు. అంతకాలం పొదుపు చేసిన మాటలన్నీ ఆ పూటే ఖర్చుపెట్టాడు. కెల్సీనీ, ఆమె భర్తనీ నడివీధిలో నిలబెట్టి ముందు తన కప్పు చూపించాడు. మంచు కరిగి బోసిగా ఉంది, చూరుకి మంచు మేకులు బారెడేసి వేలాడుతున్నాయి.

"నా పొయ్యి ఆకాశాన్ని వెచ్చబెడుతోంది. ఇటు చూడండి."

లోరెట్టా ఇంటికప్పు మీద మంచు మందపాటి బొంతలా చెక్కుచెదరకుండా ఉంది.

"ఈవిడ వేడి ఈవిడింట్లోనే ఉంటుంది. ఈవిడ మొగుడు స్టాన్లీ ఉన్నన్నాళ్ళూ ఏటా అటకెక్కి, వేడి పోకుండా గాజుదూది కూరేవాడు. దిగొచ్చి గోక్కుంటుంటే ఈవిడ తిట్టేది. ఆ తిట్లు మా ఇంటికి వినపడేవి."

లోరెట్టా కప్పుకేసి చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళజోడు మీద మంచు పడిందంటూ తుడుచుకుంది. మంచు పడటం లేదు.

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం కూడా రాకుండానే బేరం కుదిరింది. జోజప్ప స్నానం చేసి, కొత్తింట్లో పొయ్యి పై అరమీద నిలబడ్డాడు. అక్కచెల్లెళ్ళు చెరోపక్క నుంచీ చెప్పుతో గోడ బాదుతూ పోట్లాట మొదలుపెట్టారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఐనో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"టోపీ" అంది లోరెట్టా.

ఆయన సర్దుకున్నాడు. "ఈ వరసలో చివరి వాటా ఖాళీ అవుతోందట."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పా" అంది గోడ అవతల్నుంచి వాండా.

ఐనో అరకేసి చూశాడు. "ఆ చిన్న వడ్రంగిని కొన్నాళ్ళు అరువిస్తావా?"

"నీకు నమ్మకం లేదుగా?"

"లేదు. మా ఇంటిముందు గొయ్యి మాత్రం తవ్వేశాను."

లోరెట్టా జోజప్పని దించి, ఏప్రన్ అంచుతో దుమ్ము తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.

"తల కిందికి. మొహం ఇంటివైపు. ఈసారి జాలిపడకు."