మా ట్యాంకులో కలిపిన మందులే

అనపర్తి దగ్గర మాకు కోళ్ళ ఫారం ఉంది. రెండేళ్ళ క్రితం వానాకాలంలో కోళ్ళు వరసగా చచ్చిపోతుంటే పశువుల డాక్టరు గారు వచ్చి, "ల్యాబ్‌కి పంపి, ఏ మందు పనిచేస్తుందో చూసి వేద్దామమ్మా" అన్నారు.

"మీ రిపోర్టు వచ్చేసరికి మందు వెయ్యడానికి ఒక్క కోడీ మిగలదండి. నేనూ బీఎస్సీ చదివాను, నాకు చెప్పకండి!" అని ఆయన ముఖం మీద చూపుడువేలు ఊపి పంపించేశాను. నీళ్ళ ట్యాంకులో యాంటీబయాటిక్ పొడి కలపడం, చావులు ఆగగానే మానేయడం మా ఇంట్లో అలవాటు.

ఆ వారమే, చచ్చిన కోడిని ఎత్తుతుంటే దాని గోరు ఆ వేలికే గుచ్చుకుంది. చెయ్యంతా వాచి జ్వరం వచ్చింది. కాకినాడ ఆసుపత్రిలో ఎన్ని ఇంజెక్షన్లు చేసినా తగ్గలేదు. చీము పరీక్ష రిపోర్టు చూస్తూ సర్జన్ గారు పనిచేయని మందుల పేర్లు చదవడం మొదలుపెట్టారు. రెండు పేర్లు ఆయన చదివారు, మిగతావి నేనే చెప్పేశాను.

"మీకెలా తెలుసండీ?"

"మా కోళ్ళ ట్యాంకులో కలిపేవేనండి."

చెయ్యి దక్కించడానికి వేలు తీసేశారు. "మన ఖర్మ" అంటారు మా ఆయన. నేను ఒప్పుకోను. మందులకు లొంగని ఆ క్రిమిని కోళ్ళతో పాటు మేపింది నేనే.