దిక్సూచితో కొన్న చక్రాల ఇల్లు

పోయిన ఆదివారం పొద్దున టిఫిన్ పళ్లేలు కడుగుతూ ఉండగా ఫోన్ టింగుమంది. పెర్త్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంటివాళ్ల గ్రూపులో మూడు కారవాన్ల ఫొటోలు పెట్టింది. కారు వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇళ్లన్నమాట. అక్కడ పూలు పూసే కాలంలో ఏటా రెండు మూడు నెలలు మేమూ మా బావగారూ వెళ్లి ఉండడానికి వాటిలో ఒకటి కొంటుందట, ఏది బాగుందో మమ్మల్ని చెప్పమంది. అందరికంటే ముందు జవాబు పెట్టింది ఆ బావగారే, మా వారి అన్నగారు. "డోర్ ఎటున్నా పర్వాలేదు బేటా, బాత్రూమ్ మాత్రం లోపలే ఉండాలె, ఈ మోకాళ్లతో బయటికి నడుసుడు నాతోని కాదు" అని రాశారాయన. చదివి, చేతిలోని పళ్లేన్ని సింకులోకి విసిరాను. స్టీలుది కాబట్టి సొట్టతో సరిపోయింది.

ఈ వయసులో అంత కోపమేమిటని మీరు అనుకోవచ్చు. నా ఈడువాళ్లయితే చివరిదాకా విని చెప్పండి.

మేము సింగపూర్‌కు వచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అమీర్‌పేటలో ఆర్నెల్లు కంప్యూటర్ కోర్సు చేసిన వాళ్లందరికీ విమానం ఎక్కే యోగం పట్టిన కాలమది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములు రెండువేల సంవత్సరం రాగానే తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతున్న కాలం, ఆ హడలు పుణ్యమా అని మాలాంటి వాళ్లకు ఇంత అన్నం దొరికిన కాలం. మా వారు ప్రోగ్రాములు రాసేవారు, నేను వేరేచోట, ఒక బ్యాంకుకు పనిచేసే కంపెనీలో టెస్టర్‌ని. అంటే ఇతరులు రాసినదానిలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. నాకంటే పదేళ్లు పెద్దవాళ్లు రాసినవైనా సరే, ఒక్క అంకె తేడా వస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపేదాన్ని. ఆఫీసులో నా పేరు చెబితే భయపడేవాళ్లు ఉండేవారంటే ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

బుకిట్ బటోక్‌లో ఒక చైనీస్ ఆంటీ ఫ్లాట్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. ఆవిడ చెడ్డది కాదుగానీ, మా తాలింపు వాసనకు తలుపులు వేసుకునేది, మా ఇంటికి ఎవరైనా వస్తే రోజులు లెక్కపెట్టేది. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మూడు వారాలు ఓర్చుకుంది, ఆపైన ఇంకెప్పుడూ అన్ని రోజులు కుదరదని నా మొహం మీదే చెప్పేసింది.

ఆ మూడు వారాల సంగతి చెప్పాలి. మా అమ్మకు ఉబ్బసం. నిజామాబాద్‌లో చలికాలం వచ్చిందంటే చాలు, మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని వాటికి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. చిన్నప్పుడు నాకు అమ్మ పడుకోవడం అంటే కూర్చోవడమే అనిపించేది. అటువంటి మనిషి డిసెంబర్‌లో ఇక్కడి వెచ్చటి గాలికి వచ్చిన నాలుగో రోజున, ఒక్క దిండు మీద తల పెట్టి, గోడవైపు తిరిగి, పొద్దెక్కేదాకా పడుకుంది. నేను ఆఫీసుకు ఆలస్యం చేసుకుని మరీ తలుపు దగ్గర నిలబడి చూశాను. ఏటా చలికాలమంతా ఈమెను ఇక్కడ ఉంచుకోగలిగితే చాలు, నాకు ఇంకేమీ వద్దు అనుకున్నాను.

ఫ్లాట్‌లో కుదరదని తేలాక, మా వారికి ఆఫీసులో ఎవరో చెప్పిన ఉపాయమే ఈ కారవాన్. తువాస్ దగ్గర కొత్త వంతెన దాటి మలేషియాలోకి వెళితే, సముద్రపు ఒడ్డున ఒక మలయ్ పెద్దాయన తన కొబ్బరితోటలో కారవాన్లు నిలుపుకోనిచ్చేవాడు. ఒకసారి నిలిపితే ఏళ్ల తరబడి అక్కడే ఉంచుకోవచ్చు. అమ్మ కొన్ని రోజులు మా గదిలో, ఎక్కువ రోజులు అక్కడ ఉండేట్టు, పిల్లకు బడి సెలవులూ బ్యాంకులో డిసెంబర్‌లో కొత్త పనులు ఆపేసే పద్ధతీ కలిసొస్తాయి కనుక నేను సెలవు పెట్టి ఆమెతో ఉండేట్టు అనుకున్నాం. జురాంగ్ ఈస్ట్‌లో ఉండే మా బావగారు కూడా సగం వాటాకు ముందుకొచ్చారు. ఆ సాయం కాదనను. చేసిన మేలు చెప్పకుండా కోప్పడితే అది అన్యాయం అవుతుంది.

మా ఆఫీసులో ఒక పద్ధతుండేది. ఏం కావాలో, ఏది లేకపోతే అసలు కుదరదో వరసగా రాసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టనిచ్చేవారు కాదు. కారవాన్‌కు కూడా అలాగే ఒక కాగితం రాశాను. ఫోన్ కార్డు గీకి, పొడుగాటి నంబర్లన్నీ నొక్కి, నీకేం కావాలమ్మా అని అమ్మను అడిగితే ఆమె అడిగింది ఒక్కటే. "నాకేం వద్దు బిడ్డా, బాత్రూమ్ లోపట ఉంటే సాలు. ఆయాసంతోని దూరం నడవలేను." ఆ మాటను కాగితంలో మొట్టమొదట రాసి కింద గీత గీశాను. మెట్టు ఎత్తు తక్కువ ఉండాలని రెండోది రాశాను. ఏసీ, ఫ్రిజ్ అన్నీ అడుగున ఎక్కడో ఉన్నాయి.

మలేషియా వైపు జొహోర్ బారులో పాత కారవాన్లు అమ్మే ఆయన, తాతల కాలంలో రబ్బరుతోటల పనికి వచ్చిన తెలుగువాళ్ల మనవడు. తెలుగువాళ్లం వచ్చామని తెలిసి ఎంతో సంబరపడి కాఫీ తెప్పించాడు. ఆయన దగ్గర మాకు తగినవి రెండున్నాయి. ఒకటి కొంచెం పాతది, రంగు వెలిసింది, కానీ మెట్టు జానెడే, వెనక మూలన చిన్న బాత్రూమ్, పట్టుకుని లేవడానికి గోడకు ఒక కమ్మీ కూడా ఉంది. రెండోది తళతళలాడుతోంది, ఏసీ ఉంది, పెద్ద ఫ్రిజ్ ఉంది, బాత్రూమ్ లేదు. నిలిపేచోట అందరికీ కలిపి కట్టిన బాత్రూములు ఉంటాయి కదా అని దాన్ని చేసినవాళ్లు అనుకున్నారేమో. నేను పాతదానిలోకి ఎక్కి, ఆ కమ్మీ పట్టుకుని చూసి, ఇక వెతకనక్కరలేదనుకుని కిందికి దిగాను.

దిగేసరికి మా బావగారు అరచేతిలో దిక్సూచి పెట్టుకుని దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నారు. తోటలో కారవాన్లన్నీ సముద్రం పొడుగునా ఒకే వరసలో నిలబడాలి కనుక తలుపు తూర్పుకైనా ఉండాలి, పడమరకైనా ఉండాలి. తూర్పుకు పెడితే బాత్రూమ్ ఈశాన్యంలో పడుతుందట, పడమరకు తిప్పితే నైరుతిలో పడుతుందట, రెండూ ఇంటికి అరిష్టమట. బాత్రూమ్ అంటే వాయవ్యంలో ఉండాలట. పెద్దమనిషి ఊపిరి బాగుండాలని తెచ్చుకుంటూ ఈశాన్యంలో దొడ్డి పెడతామా అని ఆయన అడిగితే, మా అమ్మ మీది ప్రేమతోనే అడుగుతున్నారు కాబోలుననిపించింది. అమ్మే ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, మాట చివర అక్కడివాళ్ల 'లా' తగిలించి నెమ్మదిగా అన్నాడు, "అయ్యా, ఇది చక్రాల బండి కదా. ఏ పక్కకైనా తిప్పి నిలపొచ్చు లా." మా బావగారు ఆయనవైపు జాలిగా చూశారు.

ఆ రోజు నేను మాట్లాడలేదు. కాగితం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, మడత కూడా విప్పలేదు. బావగారి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు మా అత్తగారింట్లో కోడళ్లకు లేదు, అదే మర్యాద అనుకునేదాన్ని. మా వారు నావైపు ఒకసారి చూశారు, అన్నగారివైపు ఒకసారి చూశారు, ఆ తర్వాత రెండోదాని ఏసీ ఎన్నేళ్లదని అడగడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. మండిపోతూనే నిలబడి కాఫీ తాగాను. ఇంకో సంగతి, ఆ దిక్సూచి మనిషి జురాంగ్ ఈస్ట్‌లో కాపురముంటున్న ఫ్లాట్‌లో బాత్రూమ్ తలుపు తీరిగ్గా వంటగదిలోకే తెరుచుకుంటుంది. అది గవర్నమెంటు కట్టింది కాబట్టి దానికి వాస్తు లేదు. మా అమ్మ ఉండబోయే చక్రాల బండికి మాత్రం ఉంది. ఆఫీసులో ఒక్క అంకె తేడాకు మేనేజర్లను నిలదీసిన దాన్ని, ఆ రోజు కళ్లముందు తప్పు జరుగుతుంటే సరేనన్నట్టు తల ఊపి వచ్చాను.

ఇక అసలు కడుపుమంట వినండి. తళతళలాడే ఆ కారవాన్ తోటకు చేరిన రోజున, మాకిచ్చిన చోట వాననీళ్లు నిలిచి చక్రం దిగబడింది. మలయ్ పెద్దాయన ఏం చేయాలా అని ఒక్క నిమిషం తల గోక్కుని, వరసకు చివర గట్టినేల ఉంటే దాన్ని అక్కడికి లాగించి, స్థలం చాలక అడ్డంగా నిలిపాడు. తలుపు ఉత్తరానికి వచ్చింది. ఆ వారం మా బావగారు వచ్చి చూసి, ఉత్తరం గుమ్మం కూడా మంచిదేనని కుర్చీలో కూర్చుని కొబ్బరినీళ్లు తాగారు. దిక్సూచి కారులోంచి బయటికే రాలేదు. నేను మాత్రం ఇసుకలో పుల్లతో గీసి చూసుకున్నాను. వెలిసిన రంగుదాన్ని తెచ్చి ఇదే చోట ఇలాగే నిలిపి ఉంటే, దాని బాత్రూమ్ సరిగ్గా వాయవ్యంలో ఉండేది. ఆయన కావాలన్న మూలలోనే. చూసుకుని, గీసింది కాలితో చెరిపేశాను.

అమ్మ డిసెంబర్ మొదట్లో వచ్చింది. బాత్రూములు ఎంత దూరమో చూసింది. మూడు కారవాన్లు దాటి, కాలువ మీది చెక్కపలకలు దాటి, కొబ్బరిచెట్ల మధ్య నుంచి వెళ్లాలి. ఆ నెలంతా అక్కడ వానలు. అమ్మమ్మకు టాయిలెట్ సో ఫార్ లా అని మా పిల్ల కూడా గొణిగేది, దానికప్పుడు ఏడేళ్లు. నేను ప్రతిసారీ గొడుగు పట్టుకుని వెంట వెళ్లేదాన్ని. కొన్ని రోజులకు ఆమె వెళ్లడం తగ్గింది, నేను కాస్త అలవాటు పడిందిలే అనుకున్నాను. నిజానికి అలవాటు పడలేదు, నీళ్లు తాగడం మానేసింది. పొద్దున పోసిన చెంబు నీళ్లు సాయంత్రానికి అలాగే ఉండడం నా కళ్లతో నేనే చూసి, ఎందుకని అడగలేదు. తప్పులు పట్టడమే ఉద్యోగమైన దాన్ని.

పదకొండో రోజు తెల్లవారుజామున, నన్ను లేపడం ఇష్టంలేక, గొడుగు తీసుకుని ఒక్కతే బయలుదేరింది. కాలువ మీది పలక మీద జారింది. నేను పరుగెత్తేసరికి వానలో పక్కకు ఒరిగి పడి ఉంది, ఆయాసంతో కేక కూడా వెయ్యలేకపోయింది. తుంటి ఎముక విరిగింది. జొహోర్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు, నెల తర్వాత చక్రాల కుర్చీలో విమానం ఎక్కించాం. బయలుదేరేముందు నా చెయ్యి పట్టుకుని, "ఎవ్వర్నేం అనకు బిడ్డా, పలక తడిగుండె" అంది. ఆమె మాట మన్నించి ఇన్నేళ్లూ ఎవరినీ ఏమీ అనలేదు.

మళ్లీ రాలేదు. ఆ తర్వాత అయిదు చలికాలాలు బతికింది, అయిదూ నిజామాబాద్‌లో తమ్ముడి దగ్గరే, మూడు దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. తమ్ముడూ మరదలూ బాగా చూసుకున్నారు, వాళ్లనేమీ అనను. ఒంటిదిండు నిద్ర మాత్రం ఆమెకు ఇక్కడున్న ఆ కొద్ది వారాలే దక్కింది. కారవాన్‌ను కొన్నాళ్లకు అమ్మేశారు, ఎవరికో నేను అడగలేదు.

ఇప్పుడు చెప్పండి, నా పళ్లేనికి సొట్ట పడడంలో వింతేముంది? ఇరవై ఏళ్లు దాటాక, మా అమ్మ అడిగిన మాటనే ఆ మనిషి అడుగుతున్నారు. తలుపు ఎటున్నా పర్వాలేదట. దిక్కులు అప్పటివే, మోకాళ్లే మారాయి.

చేతులు తుడుచుకుని, అన్నింటిలోనూ బాత్రూమ్ లోపలే ఉంది బావగారూ అని రాశాను. వెంటనే ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది, "మంచిగైంది. మన జమానాల గిసొంటియి దొరక్కపోతుండె." ఎగతాళి కాదు, మరిచిపోయారు. నిజంగానే మరిచిపోయారు. ఎంతో రాసి చెరిపేసి, చివరికి ఇంతే పంపాను, "ఒకటి దొరికింది బావగారూ. మా అమ్మ కోసం చూసినప్పుడు. దానిలో బాత్రూమ్ ఈశాన్యంలో వచ్చింది."

అందరూ చదివినట్టు గుర్తులు వచ్చాయి. మా వారు పక్క గదిలోంచి వచ్చి, గుడ్డ తీసుకుని పళ్లేలు తుడవడం మొదలుపెట్టారు. కాసేపటికి అమ్మాయి అడిగింది, అమ్మా, విచ్ వన్ అని. మూడోది, మెట్టు జానెడు ఎత్తున్నది, లోపల పట్టుకుని లేవడానికి కమ్మీ ఉన్నది తీసుకొమ్మన్నాను. ఎవరూ కాదనలేదు. ఇప్పుడు నేను ఏం చెప్పినా ఇంట్లో ఎవరూ కాదనరు, కాలం అంత మారింది, నేనూ మారాను. ఆ కమ్మీని ఇక మా బావగారు పట్టుకుంటారు, నా మోకాళ్లు అరిగాక నేనూ పట్టుకుంటాను. ఎవరి కోసమైతే బాత్రూమ్ లోపలే ఉండాలని కాగితం మీద మొదట రాసి గీత గీశానో, ఆమె మాత్రం ఆ తెల్లవారుజామున వానలో, గొడుగు పట్టుకుని, నన్ను లేపకుండానే వెళ్లింది.