నోట్లో మేకులు, సోఫాలో కుక్క

సోఫా మేస్త్రీ మాట్లాడగా విన్నవాళ్లు ఆ వీధిలో వేళ్ల మీద లెక్కపెట్టే అంతమంది కూడా ఉండరు. అలాగని ఆయన మూగవాడు కాదు, గర్విష్ఠి అసలే కాదు. పొద్దున్నే దుకాణం తలుపు తీస్తాడు, గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుంటాడు, ఇక సాయంత్రం దాకా ఆ నోరు మేకులదే. నాలుకతో ఒక్కో మేకునీ తిప్పి పెదాల మీదికి తెస్తాడు. అయస్కాంతం సుత్తిని మూతికి తగిలించి దాన్ని అందుకుంటాడు. టక్‌మని చెక్కకి అంటించి, టక్‌టక్‌మని దిగగొడతాడు. పాతకాలం పనివాళ్లంతా ఇలాగే చేసేవాళ్లు. ఇప్పుడు గాలితో పిన్నులు కొట్టే యంత్రాలొచ్చాయి. మేస్త్రీ వాటి జోలికి పోలేదు.

ఎందుకు పోలేదో ఆయన భార్యకు ఒక్కదానికే తెలుసు. మీకు కూడా చెబితే తప్పేం లేదు. ఆయనకు చిన్నప్పటినుంచీ నత్తి. బళ్లో పాఠం అప్పజెప్పమంటే మొదటి అక్షరం దగ్గరే బండి ఆగిపోయేది, వెనక బల్లలన్నీ పగలబడి నవ్వేవి. చివరికి చదువుకో నమస్కారం పెట్టి మేనమామ సోఫాల కొట్లో చేరాడు. నోట్లో మేకులు పోసుకోవడం నేర్చుకున్న రోజే ఒక సంగతి తెలిసిపోయింది: మేకులున్న నోటిని ఎవరూ ఏమీ అడగరు. బతికానురా దేవుడా అనుకున్నాడు. ఆ తరవాత నలభై ఏళ్లు ఆ మేకుల చాటునే గడిచిపోయాయి.

ఇంట్లో మాటల శాఖ భార్యది. ముందు గదిలో మిషను మీద గలేబులు కుట్టేది ఆవిడ, బేరమాడేది ఆవిడ, ఆయన్ని అడిగిన ప్రశ్నకి జవాబిచ్చేది కూడా ఆవిడే.

"మా ఇంట్లో రేడియో కొనలేదండీ. నేనున్నాగా!" అంటుంది వచ్చినవాళ్లతో.

ఇలా ఉండగా ఒక రోజు, ఊరి చివర దిక్కులేని కుక్కల్ని చేరదీసే ఆశ్రమం నుంచి ఒక పాత సోఫా రిపేరుకొచ్చింది. ఆఫీసు గదిలో ఏళ్ల తరబడి నలిగిన సోఫా అది. అడుగున గుడ్డ చిరిగి వేలాడుతోంది. మేస్త్రీకి ఒక అలవాటుంది. ఏ సోఫానైనా తిరగేసే ముందు దాని సీటు మీద చెవి ఆనించి, అరచేత్తో నెమ్మదిగా తడతాడు. ఏ స్ప్రింగు విరిగిందో, ఏది వదులైందో చప్పుడే చెబుతుంది. ఆ మధ్యాహ్నం పైకప్పు అద్దంలోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది, దూది నలుసులు అందులో తేలుతున్నాయి. మేస్త్రీ కళ్లు మూసుకుని చెవి ఆనించాడు. లోపల ఎవరో ఊపిరి తీస్తున్నారు.

ఆయన నేల మీద బోర్లా పడుకుని చిరుగులోంచి చూశాడు. స్ప్రింగుల మధ్య చీకట్లో రెండు కళ్లు, వాటి పైన రెండు పెద్ద చెవులు కనిపించాయి.

భార్య ఫోన్ చేస్తే అవతల ఆశ్రమం మేడమ్ కెవ్వుమంది.

"అయ్యో, అది సోఫాలో ఉందా! పొద్దుట్నించీ దానికోసం కాళ్లరిగేలా తిరుగుతున్నామండీ. అది కోర్గి, పొట్టికాళ్ల సీమజాతి కుక్క. పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్ల బోనులోంచి విడిపించాం. అంతవరకూ అది నేల మీద నడిచింది లేదు. మనిషి గొంతు వింటే చాలు, ఎక్కడో దూరిపోతుంది."

"మరి వచ్చి పట్టుకెళ్లండి. మాకెందుకండీ కుక్క?" అంది భార్య.

మేస్త్రీ లేచి వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన ఇది కావాలి అని అడిగిన వస్తువు లేదు. ఆవిడ ఫోన్ మళ్లీ చెవికి ఆనించుకుంది.

"ఏమండీ మేడమ్, మా ఆయన ఉంచుకుంటానంటున్నారు," అంది.

మేడమ్ ఆలోచించి ఒక షరతు పెట్టింది. సోఫాని కదపొద్దు, కుక్కని లాగొద్దు. పదిహేను రోజుల తరవాత తనొచ్చి చూస్తుంది. మేస్త్రీ పిలిస్తే కుక్క వస్తే సరే, దత్తత కాయితం అక్కడికక్కడే రాసిస్తుంది. రాకపోతే ఇలాంటి బెదురు కుక్కల్ని సాకే ఆవిడ ఒకరు చాలా దూరంలో ఉన్నారు, అక్కడికి పంపించేస్తుంది.

పిలిస్తే రావాలట! అందరిలోకీ ఆయనకే పడాలా ఈ పరీక్ష?

ఆ సాయంత్రం మేస్త్రీ మేకులు ఉమ్మేసి, నోరు కడుక్కుని, సోఫా ముందు గొంతుక్కూర్చున్నాడు. "ర... ర... ర..." అన్నాడు. లోపల స్ప్రింగులు కిర్రుమన్నాయి. కుక్క ఇంకా వెనక్కి జరిగిపోయింది. మేస్త్రీ తల దించుకున్నాడు. నోరులేని జంతువుకి కూడా నా నత్తి తెలిసిపోయింది అనుకుని లోలోపల కుమిలిపోయాడు.

భార్య ఊరుకుంటుందా? సోఫా దగ్గరికొచ్చి తనూ నాలుగు పిలుపులు పిలిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"చూశారా? నేను పిలిచినా రాలేదు. నాకేమన్నా నత్తా?" అంది.

మర్నాడు పని మొదలైంది. టక్. టక్‌టక్. ఒక కుర్చీకి పట్టీలు బిగిస్తూ మేస్త్రీ ఎందుకో పక్కకి చూస్తే, సోఫా అడుగునుంచి నల్లటి ముక్కొకటి బయటికొచ్చి ఉంది. చూడనట్టు ఊరుకున్నాడు. సుత్తి ఆగగానే ముక్కు లోపలికి పోయింది. గుడ్డ మీద గీసే సుద్దతో ముక్కు ఎంతవరకూ వచ్చిందో అక్కడ నేల మీద ఒక గీత గీశాడు. రెండో రోజు గీత జానెడు ముందుకొచ్చింది, మూడో రోజు ఇంకో బెత్తెడు.

"నా గలేబుల కొలతలు ఏనాడైనా ఇంత శ్రద్ధగా తీశారా?" అని భార్య మూతి విరిచింది. కానీ కుక్క గిన్నెలో నీళ్లు మార్చేది ఆవిడే.

తొమ్మిదో రోజు ఒళ్లంతా బయటికొచ్చింది. పొడుగాటి నారింజరంగు ఒళ్లు, తెల్లటి ఛాతీ, జానెడు కాళ్లు.

గుమ్మంలోంచి భార్య గుసగుసగా, "ఏమండీ, దీనికి కాళ్లు మీరే బిగించారా? సోఫా కాళ్లలానే ఉన్నాయి!" అంది.

మేస్త్రీకి నవ్వాగలేదు. నోట్లో మేకులన్నీ జలజలా నేల మీద రాలాయి, కుక్క ఒక్క గెంతులో సోఫాలోకి పోయింది. ఆ రోజుకి గీత లేదు.

ఆ రోజుల్లో కాలం నడిచినట్టే లేదు. మధ్యాహ్నం పీచు వాసనలో, దూది నలుసుల మధ్య మేస్త్రీ గోడకి ఆనుకుని కునుకు తీసేవాడు. కుక్క కూడా తన గీత దగ్గరే నిద్రపోయి, ఆ పొట్టికాళ్లతో కలలో ఎక్కడెక్కడికో పరిగెత్తేది. ఒకసారి ఆయనకీ ఒక కలొచ్చింది. బళ్లో పాఠం అప్పజెప్పడానికి లేచి నిలబడ్డాడు. నోరు తెరిస్తే మాటకి బదులు మేకులొస్తున్నాయి, నేలని తాకకముందే ఒక్కోటీ దూదిగా విడిపోయి పైకి తేలిపోతోంది. వెనక బల్లల నిండా కుక్కలే. చెవులు రిక్కించి వింటున్నాయి, ఒక్కటీ నవ్వడం లేదు. పధ్నాలుగో రోజుకి గీత ఆయన పీటకి జానెడు దూరంలోకి వచ్చింది.

ఇక పదిహేనో రోజు. మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి చేజేతులా కొంప ముంచుకున్నారు. మేడమ్ వస్తోందని తెల్లవారకముందే లేచి దుకాణమంతా ఊడ్చారు. దూదీ పీచూ మూటకట్టి వెనక పెట్టారు. ఆవిడ తడిగుడ్డతో నేల తుడిచింది, సుద్దగీతలన్నీ పోయాయి. ఆయన సుత్తినీ మేకుల్నీ డబ్బాలో సర్దేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. ఆ రోజుకి పని బంద్. దుకాణం నిశ్శబ్దంగా, అద్దంలా మెరిసిపోతోంది. కుక్కకి అది తెలిసిన చోటు కాదు. సోఫాలో ఆ చివరికంటా పోయి ముడుచుకుంది.

మేడమ్ వచ్చింది, చేతిలో ఒక ఫైలు, తలుపు ఉన్న ఒక బుట్ట.

"పిలవండి," అంది.

"ర... ర..."

చొక్కా వీపుకి అంటుకుపోయింది. మాట రాలేదు, కుక్కా రాలేదు. మేడమ్ చెడ్డమనిషి కాదు, చాలాసేపు ఆగింది. తరవాత నిట్టూర్చి ఫైలు మూసి, బుట్ట తలుపు తీసింది.

"ఏమనుకోకండి. అక్కడ దాన్ని బాగా చూసుకుంటారు."

జీవితంలో మొదటిసారి మేస్త్రీ భార్యకి నోట మాట రాలేదు.

మేస్త్రీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి ఎవరికీ కనబడకూడదని అటు తిరిగి, సగంలో ఆగిన కుర్చీ ముందు పీట మీద కూలబడ్డాడు. చేతులు వాటంతటవే డబ్బా తెరిచాయి. కుక్కని రప్పించాలని కాదు. బళ్లోంచి పారిపోయి వచ్చిన ఆ మొదటి రోజులాగే, ఎవరూ తనని ఏమీ అడగకూడదని గుప్పెడు మేకులు నోట్లో పోసుకున్నాడు. టక్. టక్‌టక్. కళ్లు మసకబారి ఒక మేకు వంకరపోయింది. ఇంకోటి తీశాడు. టక్. టక్‌టక్.

"ఏమండీ," అని భార్య గుసగుసగా అంది. "ఆపకండి."

సోఫా కింద ముక్కు కనిపించింది. తరవాత చెవులు, తరవాత ఆ పొడుగాటి ఒళ్లంతా. నేల మీద గీతల్లేవు, అయినా అది ఒక్కో గీత దగ్గరా ఆగినట్టే ఆగుతూ వచ్చింది. పధ్నాలుగో రోజు చోటు దాటింది. మిగిలిన జానెడూ దాటింది. వచ్చి మేస్త్రీ పాదం మీద గడ్డం ఆనించి, కళ్లు మూసుకుంది.

మేడమ్ బుట్ట తలుపు మెల్లిగా మూసేసింది.

"ఇదా మీ పిలుపు! ఇన్నేళ్లలో ఇలాంటిది వినలేదండీ," అని ఫైలు తెరిచింది. "మరి ఇది ఇక ఎవరిదని రాయమంటారు?"

భార్య అలవాటుగా నోరు తెరిచింది. మేస్త్రీ చెయ్యెత్తి ఆపాడు. నోట్లోంచి మేకులు ఒక్కోటీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. చివరి మేకు కూడా తీసేశాడు. తన గొంతు వింటే ఈ గడ్డం పాదం మీంచి లేచిపోతుందని తెలుసు. అయినా అన్నాడు.

"మ... మ... మ... మాది."

కుక్క చెవి ఒక్కటి ఆయన వైపు తిరిగింది. గడ్డం ఉన్నచోటే ఉంది.

మేడమ్ రాసుకుంటోంది. భార్య చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "అయితే నా ఉద్యోగం పోయినట్టే!" అంది. ఆ రోజు ఇక కుర్చీ పని సాగలేదు. పాదం కదిపితేగా!