రెండో డబ్బా తెరవని మంగళవారాలు

ఒంగోలులో మాకు పచారీ కొట్టు ఉండేది. ఏ సరుకైనా మా నాన్న ముందు రెండో రకం చూపించేవాడు. కొనడానికి వచ్చినవాళ్లు మూతి విరిచి పక్కకు నెట్టేవాళ్లు. అప్పుడు కింద నుంచి అసలు సరుకు తీసేవాడు. తేడా తామే కనిపెట్టామన్న సంతోషంలో వాళ్లు చెప్పిన ధరకు పట్టుకుపోయేవాళ్లు. తర్వాత నేను ఎంబీఏ చదివాను గానీ, అందులో ఇంతకు మించింది ఏదీ చెప్పలేదు.

ఇప్పుడు అమెరికాలో, న్యూజెర్సీ ఐసెలిన్‌లో చీరల కొట్టు వెనక ఒక గది అద్దెకు తీసుకుని, రెస్టారెంట్లకు మసాలా దినుసులు వేస్తుంటాను. పార్కింగ్ టికెట్ రాసే ఆయనతో కూడా బేరమాడి చూసినదాన్ని. అలాంటి నాకు ఎనిమిదేళ్లు సరిజోడుగా నిలిచింది ఒక ఫ్రెంచ్ షెఫ్. మేముండే ప్లెయిన్స్‌బరో నుంచి అరగంట దూరంలో ఆయన రెస్టారెంట్. ప్రతి మంగళవారం పొద్దున పదింటికి రెండు డబ్బాల ఏలకులతో వెళ్లేదాన్ని. మొదటిది పాతది. చూపుకు పచ్చగానే ఉండేది, గింజల్లో వాసన మాత్రం చచ్చిపోయి ఉండేది. ఆయన ఒక కాయ గోటితో చీల్చి, గింజలు నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, పళ్లెం నా వైపు తోసేవారు.

"ఇవి మీకు ఇష్టం లేని చుట్టాలకు పంపండి, మేడమ్."

"వాళ్లకు పంపగా మిగిలినవే తెచ్చాను, షెఫ్," అని రెండో డబ్బా మూత తీసేదాన్ని.

ఆయన జీవితం నాకు ఆ మంగళవారాల్లోనే ముక్కలు ముక్కలుగా తెలిసింది. పదిహేనో ఏట సొంత ఊరి హోటల్ వంటగదిలో చేరారు. మొదటి ఏడాదంతా ఉల్లిపాయలు, ఆ తర్వాత ఎముకల పులుసు. సాస్ ముట్టుకోనివ్వడానికి నాలుగేళ్లు పట్టిందట. ఇంగ్లీషు రాకుండానే, గుడ్డలో చుట్టిన కత్తులతో న్యూయార్క్‌లో దిగారు. నలభై దాటాక సొంత రెస్టారెంట్ పెట్టారు. పత్రికలు రాశాయి, అవార్డులు వచ్చాయి. ఏలకుల మీగడలో ఉడికించిన ఆయన బేరిపండు కోసం జనం నెలల ముందు బుక్ చేసుకునేవాళ్లు. భార్య వెళ్లిపోయిన సంగతి కూడా సాస్ చిక్కబడిందని చెప్పినంత మామూలుగా చెప్పారు.

పోయిన ఫిబ్రవరిలో ఒక మంగళవారం మొదటి డబ్బా తెరిచాను. ఆయన కాయ చీల్చారు, నలిపారు, వాసన చూశారు.

"బాగున్నాయి. పది పౌండ్లు ఇచ్చి వెళ్లండి."

ఆయన ముఖంలో వేళాకోళం వెతికాను. లేదు. రెండో డబ్బా నా సంచీలోనే ఉంది. "సరే, షెఫ్," అన్నాను. పాత సరుకు తూచి ఇచ్చి వచ్చాను. కార్‌లో కూర్చుంటే జాలి గానీ సిగ్గు గానీ కలగలేదు. ఎదుటి కారు నంబరు చదువుతూ చాలాసేపు అలాగే ఉండిపోయాను.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆ వంటగదిలో ఆయన తర్వాతి స్థానం ఒక తెలుగు పిల్లది, చేసింది తనే. పిల్ల అంటున్నాను గానీ ముప్ఫై దాటింది. అమెరికాలోనే, బాతెల్‌లో పుట్టి పెరిగి, ఫార్మసీ మధ్యలో వదిలేసి కత్తి పట్టింది.

"ఆంటీ, మీ ఇలాచీ స్మెల్ లేదు. షెఫ్‌కి చెప్పాను. ఫైన్ అన్నారు. ఆయన ఎప్పుడూ ఫైన్ అనరు, ఆంటీ."

"ఎన్నాళ్ల నుంచి?"

"మొన్న షెఫ్‌కి ఫీవర్ వచ్చింది కదా, అప్పటి నుంచి. సాల్ట్ ఎక్కువ వేస్తున్నారు. నేను వెనక నుంచి ఫిక్స్ చేస్తున్నా."

"ఆయనకు చెప్పావా?"

"నేను ఎలా చెప్తా, ఆంటీ? ఆయన టంగ్ మీదే కదా అందరం బతికేది."

మర్నాడు వెనక తలుపు నుంచి వెళ్లి సరుకు మార్చాను. ఆ వారం నుంచి పాత డబ్బా ఇంట్లోనే వదిలేసి మంచిదొక్కటే తీసుకెళ్లాను. ఆయన వాసన చూసేవారు, బాగున్నాయనేవారు, నేను తూచేదాన్ని. అది దయ అనుకున్నాను. నా వృత్తిలో దయకు అలవాటు లేదు కాబట్టి, అది ఎదుటివాడికి ఎలా కనిపిస్తుందో ఆలోచించలేదు.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం ఆయన కాయ ముట్టుకోలేదు.

"పాత సరుకు చూపించడం ఎందుకు మానేశారు, మేడమ్?"

నేను త్రాసు సర్దుతున్నట్టు నటించాను.

"ఎనిమిదేళ్లు నన్ను మోసం చేయాలని చూశారు. తొమ్మిది వారాలుగా ఒక్క డబ్బాతోనే వస్తున్నారు, ఆ ప్రయత్నమే లేదు. ఫిబ్రవరిలో నేను తీసుకున్నది పాతదేనా?"

"అవును, షెఫ్."

"ఇంకెవరికి తెలుసు?"

స్టవ్ దగ్గరున్న ఆ పిల్ల వైపు చూశాను. ఆయన కూడా చూశారు.

"ఉప్పు కూడా తనే సరిచేస్తోందా?"

లేదని చెబితే ఆయన ఇంకో ఏడాది నమ్మేవారేమో. ఆ పిల్ల తల దించుకుని గరిట తిప్పుతోంది.

"అవును," అన్నాను.

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారట డాక్టర్లు. ఆ మాట గోడకు చెప్పినట్టు చెప్పారు.

తర్వాత లేచి స్టవ్ దగ్గరకు వెళ్లారు. చిన్న గిన్నెలోని సాస్‌లో చెంచా ముంచి ఆ పిల్ల చేతికిచ్చారు.

"ఇక నుంచి అందరి ముందే రుచి చూడు. వెనక నుంచి కాదు."

ఆమె చెంచా నోట్లో పెట్టుకుంది. ఆయన సాస్ వైపు చూడలేదు, ఆమె ముఖం వైపే చూస్తున్నారు.

"కొంచెం సాల్ట్ కావాలి, షెఫ్."

"ఎంత?"

ఆమె చెప్పింది. ఆయన ఉప్పు గిన్నె తెచ్చి ఆమె పక్కన పట్టుకుని నిలబడ్డారు.