పాము కరిస్తే నవ్వు బొమ్మలు

మాది బొల్లాపల్లి దగ్గర పల్లె. ఏడో తరగతిలో బడి మానేసి మిరప చేను చేసుకుంటున్నాను. ఫోన్లో పరిచయమైన పదిమందిమి ఒక గ్రూపు పెట్టుకున్నాం. చాలామందిమి ఒకరి ముఖం ఒకరం చూడలేదు. రోజూ పొద్దున్నే ఎవరి టిఫిన్ ఫోటో వాళ్లు పెట్టాలి, నేను వాటికి వంకలు పెట్టాలి. అదీ మా రివాజు.

నిరుడు ఒక పొద్దున చేలో నా మడమ మీద పాము కాటేసింది. చుట్టుపక్కల మనిషి లేడు. ఎవరికి చేసినా కాల్ కలవలేదు, నెట్ మాత్రం కాస్త వస్తోంది. గ్రూపులో వాయిస్ పెట్టాను.

"నన్ను పాము కరిచింది. చేలో ఒక్కడినే ఉన్నా."

వరసగా నవ్వు బొమ్మలు వచ్చాయి. "పాము బతికే ఉందా బాబాయ్?" అని ఒకడు అడిగాడు. ముందు వారమే తేలు కుట్టిందని అబద్ధమాడి అందరినీ ఏడిపించినవాణ్ణి, ఎవరిని తప్పుపట్టను? కాలు బరువెక్కుతోంది. నిజమని మొత్తుకున్నకొద్దీ బొమ్మలు పెరిగాయి.

అప్పుడు నరసరావుపేటలో బట్టల కొట్టు నడిపే రమణక్క వాయిస్ వచ్చింది.

"నవ్వులాపండి! నా మాడిన దోసె ఫోటో కళ్లముందే ఉన్నా వీడు ఒక్క వంక పెట్టలా. ఇది నిజమే. ఒరేయ్ తమ్ముడూ, కదలమాక, లొకేషన్ పెట్టు."

నేను పెట్టిన లొకేషన్ చూసుకుంటూ, గ్రూపులోనే ఉన్న పక్కూరి ఆటో శీను పావుగంటలో వచ్చి నన్ను ఆసుపత్రికి చేర్చాడు.

సాయంత్రం రమణక్క వచ్చింది. ఆమెను చూడటం అదే మొదటిసారి.

"ఏందిరా, ఇంత బక్కగా ఉన్నావు! పాముకి కండెక్కడ దొరికింది?" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పటికీ అందరినీ ఆటపట్టిస్తూనే ఉన్నాను గానీ, ఒంటి బాధ గురించి మాత్రం అబద్ధమాడను.